ఒక వైమానికుని నిర్ణయము

వేటపాలెములోని సారస్వత నికేతనము 1918లో వెలసిన గ్రంథాలయము. ఇట్టి చోట పాత పత్రికలను తిరుగవేయునపుడు మేము ఎక్కువసేపు ఆగునది 1942వ సంవత్సరము దగ్గర. ఆ ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు విడిచినవి. మన సముద్రతీరపు ఊళ్లకు ఆకాశమువలన గూడ భయము గలదని ఆనాడు తెలిసినది.

ఆ ఏడే జనవరిలో హైదరాబాదు యువకు డొకడు భారత వైమానిక దళమున అధికారిగా చేరెను. ఆయనయే ఇద్రిస్ హసన్ లతీఫ్. 1923లో జన్మించి, నిజాము కళాశాలలో చదివిన ఆయనకు అప్పటికి పందొమ్మిదేండ్లు నిండలేదు. తొలుత కరాచీలో తీరరక్షణకు నియుక్తులై, వాపిటి వంటి పాతకాలపు జంటరెక్కల విమానములలో అరేబియా సముద్రముపై జలాంతర్గాములను వెదకిరి. పిదప ఇంగ్లండుకు ఎంపికయిన కొలదిమంది భారతీయ వైమానికులలో నొకరై, అచట హరికేను, స్పిట్‌ఫైరు విమానములను నడపిరి. 1944లో తిరిగివచ్చి బర్మా యుద్ధమున పాల్గొనిరి.

యుద్ధము ముగిసినది గాని, కఠినమైన పరీక్ష 1947లో వచ్చినది. దేశముతోపాటు సైన్యమును, విమానములను గూడ పంచుకొనిరి. ముస్లిము అధికారులు ఏ దళమున నుండవలెనో తామే తేల్చుకొనవలసి వచ్చెను. సహచరులైన అస్ఘర్ ఖాన్, నూర్ ఖాన్‌లు లతీఫ్‌ను పాకిస్తానుకు రమ్మనిరి. తరువాత ఆ యిరువురును అచ్చటి వైమానిక దళాధిపతులైరి. అప్పటికి హైదరాబాదు సంస్థానము ఏ పక్షమునను చేరలేదు. అది భారతదేశమున కలిసినది 1948 సెప్టెంబరులో. తన హైదరాబాదు పాకిస్తానులో చేరినను తాను భారతదేశమునందే యుందునని లతీఫ్ బదులు చెప్పిరి. పిలిచినవారు శత్రువులు కారు, కలిసి ఎగిరిన మిత్రులు. అందుచేతనే ఆ మాట అనుట తేలిక కాదని మాకు తోచును.

ఆ మాటను ఆయన జీవితాంతము నిలుపుకొనిరి. 1950లో దేశము గణతంత్రమైనపుడు ఢిల్లీపై సాగిన విమాన విన్యాసమునకు టెంపెస్టు విమానమున ముందు నడచిరి. 1978 సెప్టెంబరు 1న వైమానిక దళాధిపతులైరి. ఆ పదవి నందిన తొలి ముస్లిము ఆయనయే. జాగ్వారు విమానములు మన దళమున చేరినది ఆయన కాలముననే. 1981లో పదవీ విరమణకు ముందు మిగ్-25లో గూడ ఎగిరిరి. జంటరెక్కల వాపిటితో మొదలైన ఉద్యోగము అంతవరకు సాగినది.

పిమ్మట 1982 నుండి 1985 వరకు మహారాష్ట్ర గవర్నరుగను, తరువాత ఫ్రాన్సులో మన రాయబారిగను పనిచేసి, 1988లో హైదరాబాదు చేరిరి. 2018 ఏప్రిల్ 30న, తొంబదినాలుగేండ్ల వయస్సున, పుట్టిన ఊరిలోనే కన్నుమూసిరి. ఏ ఊరి భవిష్యత్తు తేలకమునుపే తన దేశమేదో నిశ్చయించుకొనిరో, ఆ ఊరే ఆయనకు తుది విశ్రాంతి నిచ్చినది.