ఎసెక్స్ ఎర్ల్ అశ్వారూఢ చిత్రం

మొదటి ఎలిజబెత్ రాణి కొలువులో ప్రముఖుడు, రెండవ ఎసెక్స్ ఎర్ల్ అయిన రాబర్ట్ డెవెరూను గుర్రంపై చూపే ముద్రాచిత్రం. లండన్‌కు చెందిన థామస్ కాక్సన్ దీనిని రాగిరేకుపై చెక్కాడు. ఒక ప్రతి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఎర్ల్ పుట్టిన సంవత్సరం పాత గ్రంథాల్లో 1566 అనీ 1567 అనీ కనిపిస్తుంది. నేటి పరిశోధకులు చెప్పే 1565 నవంబరే నమ్మదగినది.

కవచధారి అయిన ఎర్ల్ ముందుభాగాన్ని ఆక్రమించగా, వెనుక అతడి దండయాత్రల తావులు కనిపిస్తాయి: రువాన్ (1591–92), కాడిజ్ (1596), అజోర్స్ (1597), ఐర్లండు (1599). నిజానికి వీటిలో గట్టి విజయం కాడిజ్ ఒక్కటే. అజోర్స్‌లో స్పెయిన్ వెండి నౌకలు చేజారాయి. ఐర్లండులో తిరుగుబాటు నాయకుడు టైరోన్‌తో సంధి చేసుకుని, రాణి అనుమతి లేకుండానే తిరిగివచ్చాడు. చిత్రంలో ఆ తేడాలేవీ లేవు.

కాలనిర్ణయానికి మొదటి హద్దు ఐర్లండు ప్రస్తావన. ఎర్ల్ అక్కడికి బయలుదేరింది 1599 మార్చి చివర; చిత్రం అంతకు ముందుది కాజాలదు. రెండవ హద్దు రోలండ్ వైట్ లేఖ. ఎర్ల్‌ను గుర్రంపై చూపే బొమ్మలు అచ్చయ్యాయనీ, వాటిని వెనక్కి రప్పించారనీ అతడు 1600 ఆరంభంలో తన యజమాని సర్ రాబర్ట్ సిడ్నీకి రాశాడు. అప్పటికి ఎర్ల్ నిర్బంధంలో ఉన్నాడు. వైట్ నిందించింది ఎవరో పాటలు కట్టేవాణ్ణి, చెక్కినవాణ్ణి కాదు. అయినా ఆ బొమ్మ ఇదేనని పండితులు సాధారణంగా అంగీకరిస్తారు. నాటి ఇంగ్లండులో కొత్త ఏడు మార్చి 25న మొదలయ్యేది కనుక పాత సంకలనాల్లో ఈ ఘటన 1599 కింద చేరడం కద్దు.

అభ్యంతరం బొమ్మకన్నా రాతకే వచ్చినట్టుంది. పదవులన్నీ వరుసగా చెప్పి, కింది పద్యంలో ఎర్ల్‌ను దైవమే ఎన్నుకున్నవాడిగా పొగిడారు. వారసుడు లేని రాణి వృద్ధాప్యంలో, ఆ మాట ఒక సామంతుడికి తగిలించడం చిన్న విషయం కాదు.

1600 ఆగస్టు 30న ప్రివీ కౌన్సిల్ కాంటర్‌బరీ ఆర్చిబిషప్ విట్‌గిఫ్ట్‌కు ఒక ఉత్తరువు పంపింది. ప్రభువుల బొమ్మలను పద్యాలతో రాగిపై చెక్కి బహిరంగంగా అమ్మే కొత్త అలవాటును అరికట్టమని దాని సారాంశం. ఆర్చిబిషప్‌కే ఎందుకంటే, 1586 నాటి స్టార్ చాంబర్ శాసనం అచ్చు పనులకు అనుమతినిచ్చే అధికారాన్ని అతడికీ లండన్ బిషప్‌కూ అప్పగించింది. కొన్ని రచనలు ఈ ఉత్తరువునూ వైట్ చెప్పిన ఘటననూ ఒకటిగా కలిపేస్తాయి. రెంటినీ వేరుగా చూడటమే సబబు.

తర్వాత రాణిపై తిరుగుబాటుకు దిగిన ఎర్ల్‌కు 1601 ఫిబ్రవరి 25న లండన్ టవర్‌లో శిరచ్ఛేదం జరిగింది. కాక్సన్ అతడి ప్రత్యర్థి, నౌకాదళాధిపతి నాటింగ్‌హామ్ ఎర్ల్‌ను కూడా గుర్రంపై చెక్కాడు. ఆ తిరుగుబాటు రోజున ఎర్ల్ నివాసమైన ఎసెక్స్ హౌస్‌ను చుట్టుముట్టిన బలగాలకు నాయకుడు ఈ నాటింగ్‌హామే.