గుర్తింపు మాన్పలేని గాయం: రాస్, గ్రస్సీల వివాదం

1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్, మలేరియా రోగి రక్తం తాగిన దోమ కడుపు గోడలో నల్లని రేణువులున్న కణాలను చూశారు. అవి మలేరియా పరాన్నజీవి దశలని గ్రహించారు. మరుసటి ఏడు కలకత్తాలో పక్షుల మలేరియాపై ప్రయోగాలు చేసి, ఆ జీవి దోమ లాలాజల గ్రంథులకు చేరుతుందని నిరూపించారు. 1898 చివరలో ఇటలీలో జొవాన్నీ బాత్తిస్తా గ్రస్సీ బృందం, మనుషులకు మలేరియాను అంటించేది అనాఫిలిస్ దోమ అని తేల్చింది.

ఒకరి పని మరొకరి పనిని పూర్తిచేసింది. కాని గ్రస్సీ తనకు దక్కవలసిన ఘనతను తక్కువచేశాడని రాస్ భావించి, ఆయన నిజాయితీనే శంకించారు. గ్రస్సీ కూడా అంతే కటువుగా బదులిచ్చారు. 1902లో నోబెల్ బహుమతి రాస్ ఒక్కరికే లభించింది.

వివాదం అక్కడ సమసిపోవాలి. సమసిపోలేదు. 1898లో రాస్ ఫలితాలను ఎడింబరో సభలో లోకానికి చాటిన గురువు పాట్రిక్ మాన్సన్. ఆ మాన్సన్ రాసిన ఒక లేఖ తనను కించపరిచిందంటూ 1912లో రాస్ న్యాయపోరాటానికి సిద్ధమయ్యారు. 1923లో వెలువడిన స్వీయచరిత్రలోనూ పాత కక్ష చల్లారలేదు. ప్రపంచంలోకెల్లా పెద్ద బహుమతి కూడా ఆ గాయాన్ని మాన్పలేకపోయింది.

బహుమతి దక్కని గ్రస్సీ కొంతకాలం మలేరియాను విడిచి, ద్రాక్షతోటలను నాశనం చేసే ఫిలాక్సెరా పురుగుపై పరిశోధించారు. 1918లో మళ్ళీ మలేరియావైపు మరలి, 1925లో మరణించేవరకు రోమ్ సమీపంలోని ఫ్యుమిచీనోలో ఆ కృషి కొనసాగించారు. ఆయనకు బాధ లేదని కాదు. ఆ బాధ ఆయన చేతిలోని పనిని ఆపలేదు.

రాస్‌లోనూ ఆ రెండో మనిషి ఉన్నాడు. 1907-08లో మారిషస్ వెళ్ళి, చెరకుతోటల కూలీలను పీడిస్తున్న మలేరియాను అధ్యయనం చేసి, దోమల సంఖ్యకూ వ్యాధి వ్యాప్తికీ గల సంబంధాన్ని గణితసూత్రాల్లో చెప్పారు. ఆ దీవికి వలసవెళ్ళిన తెలుగు కుటుంబాలకు అది పరాయి కథ కాదు.

విమర్శ రెండు రకాలు. పనిలోని లోపాన్ని చూపేదాన్ని పరీక్షించి, నిజమైతే దిద్దుకోవాలి. మనిషి విలువను తేల్చబోయేదానికి ఆ అధికారం మనమిస్తేనే ఉంటుంది. రాస్ ఆ అధికారాన్ని ప్రత్యర్థుల చేతికిచ్చి, జీవితాంతం తిరిగి అడుగుతూ ఉండిపోయారు. దోమ విషయంలో ఆయన చూసినది మాత్రం, ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ఆ ఆగస్టు రోజునే నిజమైంది.