తనది కాని నది కోసం

1931 మార్చి 3. వాషింగ్టన్‌లో సెనేట్ సందర్శకుల గ్యాలరీ. ముందు వరసలోనే చోటు దొరికింది మీకు. కింద తొంభై ఆరు మహాగని బల్లలు అర్ధచంద్రాకారంగా పరచుకుని ఉన్నాయి. వాటి సందుల్లో పాతకాలపు ఉమ్మితొట్లు, పైన గాజు కప్పు. రెండేళ్ళ కిందటే ఈ హాల్లో గాలిని చల్లబరిచే యంత్రాలు పెట్టారు. ఇంత చల్లగా కూర్చుని ఇవాళ వీళ్ళు తేల్చాల్సిన తగువేమో కిరసనాయిలు బుడ్డి తప్ప వేరే దీపం ఎరగని పల్లెల గురించి.

రేపు మధ్యాహ్నంతో సమావేశాలు ముగుస్తాయి. అందుకే ఇంత హడావుడి. కాగితాలు పట్టుకుని కుర్రాళ్ళు బల్లల మధ్య పరుగులు తీస్తున్నారు. కిందటి నవంబరులో ఓడిపోయిన సభ్యులు కూడా దర్జాగా తమ కుర్చీల్లోనే ఉన్నారు. అప్పటి నిబంధన అది: ఓటర్లు ఇంటికి పంపినా మార్చి దాకా చట్టాలు చేయవచ్చు.

అధ్యక్షుడు హూవర్ పంపిన వీటో సందేశం సభ ముందుకు వచ్చింది. టెనెసీ నది మీద మసల్ షోల్స్ దగ్గర ప్రభుత్వమే కరెంటు తయారుచేసి అమ్మాలన్న తీర్మానాన్ని ఆయన తిప్పికొట్టాడు. ప్రభుత్వం వ్యాపారంలో దిగి సొంత పౌరులతోనే పోటీ పడటం తగదన్నది ఆయన వాదన సారం. అమెరికా జాతీయగీతానికి చట్టబద్ధత ఇచ్చే బిల్లు మీద హూవర్ సంతకం చేసిందీ ఈ రోజే. పాటకు దక్కిన సంతకం నదికి దక్కలేదు.

ఈ తీర్మానం ఎవరిదో పక్కవాళ్ళని అడగక్కర్లేదు. అదుగో, నల్లటి సూటు, మెడలో సన్నటి నల్ల టై, తెల్లబడిన జుట్టు. అరవై తొమ్మిదేళ్ళ జార్జ్ నోరిస్. నెబ్రాస్కా రాష్ట్రంలో మెకూక్ అనే చిన్న ఊరివాడు. హూవర్‌ది ఏ పార్టీయో ఈయనదీ అదే, రిపబ్లికన్. టెనెసీ నది ఈయన రాష్ట్రం ఛాయలకు కూడా రాదు. ఆ లోయలో ఈయనకు పడే ఓటు ఒక్కటీ లేదు. అయినా దాదాపు పదేళ్ళుగా ఈ సభలో ఆ నది పేరెత్తితే లేచి నిలబడేది ఈయనే.

నిజానికి ఈ బాధ్యత ఆయన కోరి తెచ్చుకున్నది కాదు. 1916 చట్టం కింద, యుద్ధంలో పేలుడు పదార్థాలకూ శాంతికాలంలో ఎరువులకూ పనికొచ్చే నైట్రేట్ల కోసం ప్రభుత్వం అలబామాలోని మసల్ షోల్స్‌ను ఎంచుకుంది. అక్కడ నది ముప్ఫై ఏడు మైళ్ళలో నూట ముప్ఫై అడుగులకు పైగా దిగుతుంది. ఫ్యాక్టరీలు లేచాయి, విల్సన్ డ్యామ్ పని మొదలైంది. ఇంతలో యుద్ధం అయిపోయింది. పది కోట్ల డాలర్లకు పైగా పోసిన ఆస్తిని ఏం చేయాలో ఎవరికీ పాలుపోలేదు. ఎరువుల వ్యవహారం కదా అని ఫైలు వ్యవసాయ కమిటీకి చేరింది. ఆ కమిటీ ఛైర్మన్ నోరిస్.

1921లో కార్ల హెన్రీ ఫోర్డ్ దిగాడు. ఫ్యాక్టరీలకు యాభై లక్షల డాలర్లు ఇస్తాను, కరెంటు మాత్రం నూరేళ్ళ లీజుకు ఇవ్వండన్నాడు. డెబ్బై అయిదు మైళ్ళ పొడవునా నగరం వస్తుందని ప్రచారం. అలబామా ఊగిపోయింది. పొలాల్లో ప్లాట్లు గీసి అమ్మారు, ఇళ్ళు లేని చోట కాలిబాటలు పోశారు. (హైదరాబాదు శివార్లు చూసినవాళ్ళకు ఈ దృశ్యం కొత్తేమీ కాదు.) దిగువ సభ 1924లో ఫోర్డ్ బిల్లుకు తల ఊపింది. నోరిస్ తన కమిటీలో అడ్డంగా కూర్చున్నాడు. ఆ లోయ మేలు కోరే చాలామందికి అప్పట్లో ఆ లోయ శత్రువుగా కనపడినవాడు ఈయనే. ఆ ఏడాది అక్టోబరులో ఫోర్డ్ వెనక్కి తగ్గాడు. 1928లో రెండు సభలూ నోరిస్ తీర్మానాన్ని ఆమోదిస్తే అధ్యక్షుడు కూలిడ్జ్ సంతకం పెట్టకుండా జేబులో వేసుకుని చంపేశాడు. ఇవాళ్టిది రెండో చావు.

ఆయన పద్ధతి చూడండి. గొంతు పెంచడు, బల్ల గుద్దడు. ఈ పదేళ్ళూ సభలో ఆయన పేర్చినవన్నీ లెక్కలే. కెనడాలోని అంటారియోలో కరెంటు ప్రజల సంస్థ చేతిలో ఉంది, అక్కడి ఇంటి బిల్లు ఇంత. సరిహద్దు ఇవతల కంపెనీ చేతిలో ఉంది, అదే వాడకానికి బిల్లు అంత. విల్సన్ డ్యామ్ కరెంటును ప్రభుత్వం కంపెనీకి యూనిట్ ఒక సెంటులో అయిదో వంతుకు అమ్ముతోంది. అదే కరెంటు ఇంటి గడప దాకా వచ్చేసరికి ధర ఎన్నో రెట్లు. సిద్ధాంతం మాట్లాడేవాళ్ళ ముందు బిల్లు కాగితం పెట్టడం ఆయన విద్య. ఈ సభలో ఇంతకన్నా గొప్ప వక్తలు ఉండవచ్చు గానీ, ఇంత విసుగులేనివాడు ఉన్నాడంటే నేను నమ్మను.

ఆ లెక్కల మధ్యనే ‘కోవ్ క్రీక్’ అన్న పేరు మీ చెవిన పడుతుంది. టెనెసీకి ఉపనది క్లించ్. దాని మీద ఎగువన కోవ్ క్రీక్ దగ్గర ఇంకో ఆనకట్ట కట్టాలంటుంది తీర్మానం. వానాకాలంలో పొంగి ఎండల్లో సన్నబడే నదిని నమ్ముకుంటే ఏడాది పొడవునా ఒకే మోతాదులో కరెంటు రాదు. పంట చేతికొచ్చినప్పుడు గాదె నింపి కొరత నెలల్లో తీసుకున్నట్టు, వరదను పైన ఆపి వేసవిలో వదిలితే, కింద విల్సన్ డ్యామ్ టర్బైన్లు ఏ నెలలోనూ ఆగవు. దిగువ ఊళ్ళకు ముంపూ తగ్గుతుంది. నదిని ఒక్కచోట కాక మొత్తంగా చూడాలన్న ఆలోచన ఇదే. ఈ పేరు గుర్తుంచుకోండి.

పేర్ల పిలుపు మొదలైంది. గుమాస్తా ఒక్కొక్క పేరూ చదువుతుంటే అవును, కాదు. వీటోను దాటాలంటే మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. అనుకూలం 49, వ్యతిరేకం 34. ఎక్కువమంది నోరిస్ పక్షమే, అయినా ఓడిపోయాడు.

ఇక్కడి నుంచి కాలం గబగబా నడుస్తుంది. 1933 జనవరి 21న కాబోయే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్, పక్కన నోరిస్, మసల్ షోల్స్‌లో నిలబడి డ్యామ్ మీంచి వృథాగా దూకుతున్న నీళ్ళు చూశారు. సరిగ్గా రెండు రోజులకు, ఓడినవాళ్ళు చట్టాలు చేసే ఆ పాత పద్ధతిని రద్దుచేసే ఇరవయ్యో రాజ్యాంగ సవరణకు కావలసిన రాష్ట్రాల ఆమోదం లభించింది. దాన్ని ఏళ్ళ తరబడి మోసినవాడూ నోరిసే. మే 18న టెనెసీ లోయ సంస్థ చట్టం మీద రూజ్‌వెల్ట్ సంతకం చేశాడు. కరెంటుతో పాటు వరదలు, పడవ దారులు, కోసుకుపోయిన నేలలు, అడవులు, అన్నీ ఒకే సంస్థ కిందికి వచ్చాయి. మన దామోదర్ లోయ సంస్థకు 1948లో నమూనా ఇదే.

1934 ఫిబ్రవరి. మిసిసిపీ రాష్ట్రంలో టుపెలో అనే ఊరు. టెనెసీ లోయ సంస్థ కరెంటు తీసుకున్న మొదటి పట్టణం. ఓ ఇంట్లో బిల్లు చేతిలోకి తీసుకోండి. మొదటి 50 యూనిట్లకు మూడేసి సెంట్లు, తర్వాతి 150కి రెండేసి, ఆ తర్వాత 200కి ఒక్కొక్క సెంటు. మన స్లాబులు వాడినకొద్దీ ఎక్కుతాయి, వీళ్ళవి వాడినకొద్దీ దిగుతాయి. చవగ్గా ఇస్తే జనం ఎక్కువ వాడతారు, ఎక్కువ వాడితే ఖర్చు గిట్టుబాటవుతుంది అన్న పందెం అది. సభలో ఎందరో నమ్మని లెక్క ఇక్కడ వంటింటి గోడకు వేలాడుతోంది.

ఇప్పుడు క్లించ్ ఒడ్డుకు రండి, కోవ్ క్రీక్ దగ్గరికి. 1933 అక్టోబరులో మొదలైన 265 అడుగుల ఆనకట్ట లేస్తోంది. దానికి నోరిస్ పేరే పెట్టారు. సెనేట్ రికార్డుల్లో నీటి నిల్వగా, కిలోవాట్లుగా వినిపించిన ఈ చోట మనుషులున్నారు. మూడు వేలకు చేరువగా కుటుంబాలు ఖాళీ చేయాలి. అయిదు వేలకు పైగా సమాధులు తవ్వి వేరే చోటికి మారుస్తున్నారు. భూమి తన పేరున ఉన్న రైతుకు పరిహారం చెక్కు వస్తుంది. తరతరాలుగా కౌలుకు చేసుకుంటున్నవాడికి రాదు. ఎవరి బల్ల మీదికీ ఈ లెక్క రాలేదా, వచ్చినా తక్కిన లెక్కల కింద పడిపోయిందా అని నాకు అనిపిస్తుంది. అంత ఓపికగా బిల్లులు పోల్చిన మనిషికి ఇది చూపించి ఉంటే ఆయన తప్పక లెక్క వేసేవాడే.

ఆనకట్టకు కొంచెం దూరంలో పనివాళ్ళ కోసం కొత్త ఊరు కట్టారు. దాని పేరూ నోరిస్. చెట్ల మధ్య వంపు తిరిగిన దారులు, కరెంటుతో వెచ్చబడే ఇళ్ళు. చుట్టుపక్కల పొలాల్లో నూటికి మూడు ఇళ్ళకైనా దీపం లేని కాలంలో చూడడానికి జనం వచ్చేంత వింత. నల్లజాతి కార్మికుల కుటుంబాలకు మాత్రం ఆ ఊళ్ళో ఇల్లివ్వలేదు.