బతికిన కణాలు మోసిన బరువు

1936 అక్టోబర్ 2న జెర్సీ సిటీ మెడికల్ సెంటర్ ప్రారంభోత్సవానికి అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ వచ్చాడు. 1921లో, 39 ఏళ్ళ వయసులో, పోలియోగా వైద్యులు నిర్ధారించిన జబ్బు ఆయన కాళ్ళను చచ్చుబడేలా చేసింది. కాళ్ళకు ఉక్కు పట్టీలు బిగించుకుంటే తప్ప ఆయన నిలబడలేడు. నేడు బీకన్ పేరుతో నివాసాలుగా మారిన ఆ భవనాలకు పోలియోతో సంబంధం అంతటితో తీరలేదు.

అంతకు ఇరవై ఏళ్ళ ముందు, 1916 వేసవిలో, బ్రూక్లిన్‌లో మొదలైన పోలియో న్యూయార్క్ నగరంలో సుమారు 9,000 మందికి సోకి, దాదాపు 2,400 మందిని బలిగొంది. జెర్సీ సిటీని ఆనుకుని ఉన్న హొబోకెన్‌లో, న్యూయార్క్ నుంచి వచ్చేవారిని వెనక్కి పంపడానికి పోలీసులను కాపలా పెట్టారు. 1931లో వికలాంగ బాలల కోసం జెర్సీ సిటీలో ఎ. హ్యారీ మూర్ పాఠశాల వెలసింది. 1940లలో ఆస్ట్రేలియా నర్సు ఎలిజబెత్ కెన్నీ పద్ధతిలో, చెక్కబద్దలతో కాళ్ళను కదలకుండా కట్టేయడం మాని, వేడి కాపడాలతో, వ్యాయామంతో చేసే చికిత్స మెడికల్ సెంటర్‌కూ చేరింది.

కండరం బిగుసుకుపోయి, దానిని కదిలించే నేర్పును రోగి మరచిపోతాడని కెన్నీ వాదన. నాడీకణాలే చనిపోయాయని వైద్యుల వాదన. ఈ తేడా అర్థం కావాలంటే నాడి నిర్మాణాన్ని గుర్తు చేసుకోవాలి. కండరాన్ని నడిపే నాడీకణం వెన్నుపాములో ఉంటుంది. దాని తంతువు మాత్రం కాలి దాకా సాగుతుంది. తంతువు తెగితే, తెగిన చోటికి అవతలి భాగం శిథిలమవుతుందని ఆగస్టస్ వాలర్ 1850లో కప్పల మీద చూపాడు. కణం బతికి ఉంటే తంతువు రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున తిరిగి పెరగగలదు. పోలియో వైరస్ చంపేది కణాన్నే. మొదలే ఎండిన చెట్టుకు కొమ్మ చిగురించదు.

అయినా ఎందరో పిల్లలు మళ్ళీ నడిచారు. జబ్బు తాకినా చనిపోని కొన్ని కణాలు కోలుకున్నాయి. బతికిన కణాల తంతువులు పక్కలకు కొత్త పిలకలు వేసి, దిక్కులేని కండర పోగులను తమలో కలుపుకున్నాయి. అలా ఒక్కో కణం తన సహజ భారానికి ఎన్నో రెట్లు మోసింది.

ఆ మోతకు వెల దశాబ్దాల తరువాత తెలిసింది. 1980లలో అమెరికాలో, ఎప్పుడో కోలుకున్నామనుకున్నవారు కొత్త నీరసంతో, నొప్పులతో వైద్యుల దగ్గరకు రాసాగారు. దీనినే పోస్ట్-పోలియో సిండ్రోమ్ అన్నారు. అతిగా శ్రమించిన కణాలు తాము వేసిన పిలకలను నిలుపుకోలేకపోవడమే దీనికి కారణమని ఎక్కువమంది భావిస్తారు.

భారతదేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ పోలియో రహిత ధ్రువపత్రం ఇచ్చింది. వైరస్ పోయినా, అది తాకిన మనుషులు ఉన్నారు. తెలుగునాట బాల్యంలో పోలియోను గెలిచినవారిలో ఎందరో ఇప్పుడు నడివయసు దాటుతున్నారు. అలాంటి అన్నయ్యకో పిన్నికో కాలు మళ్ళీ తడబడితే, అది బద్ధకమనో ముసలితనమనో తేల్చేయడం పొరపాటు. “ఇంకాస్త కష్టపడు” అన్న మాట చిన్ననాడు వారిని నడిపించి ఉండవచ్చు. ఇప్పుడు వారికి కావలసింది వైద్య పరీక్ష, కొలత తప్పని వ్యాయామం, అపరాధభావం లేని విశ్రాంతి.