వీరబాహుడి కాడు: హరిశ్చంద్ర, నాటకం నుంచి సినిమా దాకా

ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం పల్లెల్లో హరిశ్చంద్ర కథ ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. 1953 దాకా ఈ ప్రాంతం బళ్ళారి జిల్లాలోది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, బళ్ళారి రాఘవ పెంచిన నాటకరంగానికి ఇది పొరుగు. రాఘవకు పేరు తెచ్చిన వేషాల్లో హరిశ్చంద్రుడొకటి. తర్వాత ఊళ్ళను పట్టుకున్నది బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన నాటకం. చివర్లో దేవతలొచ్చి అన్నీ తిరిగిచ్చేస్తారు గానీ, జనం తెల్లవార్లూ కూర్చునేది కాటిసీను కోసమే.

మేం అడిగేది ఒకటే. ఆ సీనులో ఎవరి కోసం ఏడుస్తున్నాం? రాజ్యం పోయిన రాజు కోసం. చావు కబురు మోయడం, గుంత తవ్వడం, డప్పు కొట్టడం మాల మాదిగలు తరతరాలుగా చేస్తే అది ఆచారం, వెట్టి. ఒక క్షత్రియుడు కొన్నాళ్ళు కాడు కాస్తే అది మహా విషాదం! ఆ రాజును కొన్న వీరబాహుడు చండాలుడు, కాటికి యజమాని. కులం నిచ్చెన తలకిందులైన అరుదైన చోటు ఇది. అధికారం గురించిన అసలు నాటకం ఇక్కడ మొదలు కావాల. కాలేదు. వీరబాహుడు కల్లుకుండతో తూలుతూ వచ్చి నవ్వించి పోతాడు. మార్కండేయ పురాణంలోనైతే ఆ చండాలుడు మారువేషంలో ఉన్న ధర్ముడేనని తేలుతుంది. ఉన్న ఒక్క దళిత యజమానినీ అట్లా లాగేసుకున్నారు. శవం పూడ్చుకోవడానికి జాగా కోసం అర్జీలు పట్టుకుని తిరిగే దళితవాడలకు ఇది ఉత్త పురాణం కాదు.

సినిమా ఏం మార్చింది? 1935లో కన్నాంబ చంద్రమతిగా తొలిసారి తెర మీదికొచ్చారు. 1956లో ఎస్.వి. రంగారావు, 1965లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో ఎన్.టి. రామారావు హరిశ్చంద్రులయ్యారు. ఈ మధ్యలోనే రాజ్యాంగం వచ్చింది, అంటరానితనం నేరమని 1955లో చట్టం వచ్చింది. స్టేజీ మీద రాజూ వీరబాహుడూ ఒకే దీపం కింద నిలబడాల్సిందే. కెమెరాకు ఆ కట్టుబాటు లేదు, తనకు కావాల్సిన ముఖాన్నే దగ్గరికి తెచ్చుకుంటుంది. తెచ్చుకున్నది స్టారు ముఖాన్ని.

ఇంకో సంగతి. స్టేజీ మీద కాటిసీనుకు ప్రాణం పోసిన పద్యాలు గుర్రం జాషువావి. ఆయన శ్మశానం మీద రాసిన ఖండికను నటులు నాటకంలోకి తెచ్చుకున్నారు. డి.వి. సుబ్బారావు గొంతులో అవి ఊరూరా మోగాయి. జాషువా 1915-16లో రాజమండ్రిలో మూగసినిమాలకు వాచకుడిగా పనిచేశాడు, అంటే తెర మీది బొమ్మలకు మాటలు చదివేవాడు. కాటిసీనులోనూ అదే జరిగింది. మాట అంటరాని కవిది, కన్నీళ్ళూ చప్పట్లూ రాజువి.

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 'చింతామణి' నాటకాన్ని నిషేధించింది. సుబ్బిశెట్టి వేషం తమను కించపరుస్తోందని ఆర్యవైశ్యులు చేసిన ఫిర్యాదు దాని వెనక ఉంది. వీరబాహుడి తూలుడు మీద ఏ ప్రభుత్వమూ అట్లా కదిలింది లేదు. మేం నిషేధం అడగడం లేదు. ఈసారి తిరునాళ్ళలో వీరబాహుడి వేషం కట్టే మన పిల్లోళ్ళు కల్లుకుండ పక్కన పెట్టి, నిటారుగా నిలబడి, రాజు దగ్గర కాటిసుంకం లెక్క అడగాలంటున్నాం.