డెక్కన్ ఎయిర్‌వేస్ విలీనం – ఉద్యోగుల స్థితిగతులు

1945లో నిజాం ప్రభుత్వం, టాటాల భాగస్వామ్యంతో హైదరాబాదులో డెక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడింది. 1953 ఆగస్టు 1న దానితో సహా ఎనిమిది కంపెనీలు ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌లో విలీనమయ్యాయి. మరి ఉద్యోగుల మాటేమిటి? 1952 జులై 1కి ముందు చేరి, ఇంకా పనిలో ఉన్నవారు అదే జీతంతో, అవే షరతులతో కార్పొరేషన్ ఉద్యోగులవుతారని ఎయిర్ కార్పొరేషన్ల చట్టం పేర్కొంది. ఆ తేదీ తరువాత చేరినవారికి ఈ హామీ వర్తించలేదు. పైగా ఆ షరతులను తరువాత మార్చే అధికారం కార్పొరేషన్‌కు ఉండేది.

2007లో ఇదే ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎయిర్ ఇండియాతో విలీనమైంది. జీతాల్లో తేడా మిగిలిపోవడంతో 2011లో పూర్వపు ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మె చేశారు. జీతాలు, సీనియారిటీ సమస్యల పరిష్కారానికి ప్రభుత్వం జస్టిస్ ధర్మాధికారి కమిటీని నియమించింది.

కనుక ఏ విలీనంలోనైనా మూడు విషయాలు గమనించాలి: ఉద్యోగం నిలిచిందా? జీతం మారిందా? సీనియారిటీని ఎలా లెక్కించారు?