కృష్ణా మెట్టలో ఆరోగ్య సమాచార సాంకేతికత

ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట పట్టణాలైన జగ్గయ్యపేట, నందిగామ 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నాయి. 2020 జూలై 1న విజయవాడలో వెయ్యికి పైగా కొత్త 108, 104 వాహనాలు ప్రారంభమయ్యాయి. ఊళ్లకే వచ్చి బీపీ, షుగర్ రోగులను చూసి మందులిచ్చే సేవ 104ది. ఏళ్ల తరబడి సాగే ఈ జబ్బులకు పాత రికార్డే వైద్యుడికి ఆధారం. 2021 సెప్టెంబరు 27న దేశవ్యాప్తంగా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కోరినవారికి 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) సంఖ్య ఇస్తుంది. రోగి అనుమతిస్తే, దానికి జతచేసిన పరీక్షా ఫలితాలను మరో ఆసుపత్రి వైద్యుడూ చూడవచ్చు. జగ్గయ్యపేట తెలంగాణ సరిహద్దు పట్టణం. కోదాడ, ఖమ్మం, హైదరాబాదుల్లో వైద్యం చేయించుకునేవారికి రాష్ట్రం మారినా పనికొచ్చే ఈ సంఖ్య ఎంతో మేలు. అయితే ఫలితాలు జతచేయని ఆభా కార్డుతో రోగికి ఒరిగేదేమీ లేదు.